రెక్క విప్పి చూస్తే పుంజో పెట్టో

వేసవి సెలవుల్లో సైకిల్‌కు గంపలు కట్టుకొని ఊళ్లోకి వచ్చే మనిషి దగ్గర ఆకుపచ్చ, గులాబి, నీలం రంగు కోడిపిల్లల్ని కొనిపించుకోని పిల్లలుండరు. వారం తిరిగేసరికి సగం పిల్లికో కాకికో జబ్బుకో పోతాయి. బతికిన వాటికి రంగు నూగు రాలి తెల్లటి ఈకలు మొలుస్తాయి. పిల్లలు పేర్లు పెట్టుకొని, గూట్లో గడ్డి పరిచి, ఎప్పుడు గుడ్డు పెడుతుందా అని ఎదురుచూస్తారు. తీరా ఒకరోజు తెల్లవారుజామున కూత వినిపిస్తుంది. మర్నాడు ఇంకోటి కూస్తుంది. అన్నీ పుంజులే.

పదిళ్లలో కొన్న పిల్లలు పదీ పుంజులవడం యాదృచ్ఛికం కాదు. ఆ పిల్లల్లో ఎక్కువ భాగం గుడ్ల కోళ్లను పొదిగించే హ్యాచరీల నుంచి వచ్చినవే. అక్కడ పెట్టలు మాత్రమే కావాలి. గుడ్డు పెట్టదు, బ్రాయిలర్‌లా నలభై రోజుల్లో కండా పట్టదు కాబట్టి ఆ జాతి పుంజును మేపడం దండగ. అందుకని పిల్లలు గుడ్డులోంచి బయటికొచ్చిన రోజే పెట్టల్ని ఒకవైపు, పుంజుల్ని ఒకవైపు వేరు చేస్తారు. వేరుపడ్డ పుంజుల్లో కొన్ని రంగు నీళ్లలో మునిగి గంపకెక్కుతాయి.

మరి నూగు తప్ప జుట్టూ తోకా ఏమీ లేని, ముప్ఫై నలభై గ్రాముల ఆ ముద్దలో పుంజేదో పెట్టేదో ఎలా తెలుస్తుంది? నాటుకోడి కింద పొదిగిన పిల్లల్ని రెండు నెలలు పెంచినా తేల్చుకోలేక తికమకపడే మనకు ఇది అబ్బురంగానే ఉంటుంది. దీనికి జవాబు వెతుకుతూ పోతే కోడి ఈక ఎలా పుడుతుంది, దాని రంగునూ ఆకారాన్నీ ఎవరు నిర్ణయిస్తారు అన్న చోటికి చేరతాం. పెట్ట కూయడం, పుంజుకు పెట్ట ఈకలు రావడం, ఈకలు మెలితిరగడం వంటి వింతలకు కూడా జవాబులు అక్కడే ఉన్నాయి.

నిర్ణయం తల్లిదే

ముందు గుడ్డు సంగతి. కోలగా, మొన తేలిన గుడ్డులో పుంజు ఉంటుందని, గుండ్రటి గుడ్డులో పెట్ట ఉంటుందని చాలామంది నమ్ముతారు. ఈ నమ్మకానికి రెండు వేల ఏళ్ల పైబడిన వయసుంది. రోమన్ వ్యవసాయ రచయిత కొలుమెల్లా సరిగ్గా ఇలాగే రాశాడు. ఆయనకు మూడు నాలుగు వందల ఏళ్ల ముందు అరిస్టాటిల్ పూర్తిగా తిరగేసి, కోల గుడ్డులో పెట్ట, గుండ్రటి దానిలో పుంజు అన్నాడు. ఇద్దరూ తెలివైనవాళ్లే, ఇద్దరి పెరట్లోనూ కోళ్లు ఉండే ఉంటాయి. అయినా మాటలు కలవలేదు. ఎలా చెప్పినా రెండింట్లో ఒకసారి నిజమవుతుంది కదా! సూదికి దారం కట్టి గుడ్డు మీద వేలాడదీయడం, పిల్లను కాళ్లు పట్టి తలకిందులుగా ఎత్తడం లాంటివన్నీ ఆ సగం నిజం మీదే ఇన్నాళ్లూ బతికాయి.

అసలు జరిగేది వేరు. మనుషుల్లో బిడ్డ ఆడో మగో తండ్రి కణం తేలుస్తుంది. పక్షుల్లో తల్లి తేలుస్తుంది. పుంజుకు ప్రతి కణంలోనూ రెండు జెడ్ క్రోమోజోములు ఉంటాయి. పెట్టకు ఒక జెడ్, ఒక డబ్ల్యూ ఉంటాయి. అండాశయంలో పచ్చసొన పండి విడుదలయ్యే కొన్ని గంటల ముందే అందులో జెడ్ మిగలాలా, డబ్ల్యూ మిగలాలా అన్నది తేలిపోతుంది. జెడ్ మిగిలితే పుంజు, డబ్ల్యూ మిగిలితే పెట్ట. ఆ తర్వాతే సొన అండనాళంలోకి దిగుతుంది. అక్కడ తెల్లసొన చేరుతుంది, పొర చుట్టుకుంటుంది, ఇరవై గంటల పాటు పెంకు కడుతుంది. గుడ్డు కోలగా వస్తుందా గుండ్రంగా వస్తుందా అన్నది ఈ నాళం గోడల పని. లోపల ఉన్నది పుంజో పెట్టో ఆ గోడలకు తెలియదు. ఒక పెట్ట ఏడాది పొడవునా దాదాపు ఒకే ఆకారం గుడ్లు పెడుతూ రెండు రకాల పిల్లల్నీ కంటుంది.

ఇక్కడ ఒక సంగతి గుర్తు పెట్టుకోవాలి. తల్లి దగ్గరున్న ఒకే ఒక్క జెడ్ కొడుకులకే వెళ్తుంది, కూతుళ్లకు డబ్ల్యూ మాత్రమే ఇస్తుంది. కూతురికి వచ్చే జెడ్ తండ్రిదే. కోడిపిల్లల్ని రంగుతోనూ ఈకతోనూ గుర్తుపట్టే పద్ధతులన్నీ ఈ ఒక్క వాస్తవం మీదే నిలబడ్డాయి.

జపాన్ వాళ్ల కన్ను

ఈకల దగ్గరికి వెళ్లే ముందు, ఈకలతో పనిలేని పద్ధతి ఒకటుంది. 1920ల్లో జపాన్‌లో కియోషి మసుయి, హషిమోటో అనే శాస్త్రవేత్తలు, వారి సహచరులు ఒకరోజు పిల్ల మలద్వారం లోపలి అంచున ఉండే చిన్న బుడిపెను గమనించారు. గుండుసూది తలంత ఉంటుందది. పుంజుపిల్లలో అది ఉబ్బెత్తుగా, మెరుస్తూ, వేలితో తాకితే గట్టిగా నిలుస్తుంది. పెట్టపిల్లలో చదునుగా అణగి ఉంటుంది, లేదా కనిపించదు. 1927లో కెనడాలోని ఒట్టావాలో జరిగిన ప్రపంచ పౌల్ట్రీ మహాసభ ద్వారా ఈ సంగతి బయటి దేశాలకు తెలిసింది. ఆ తర్వాత జపాన్‌లో శిక్షణ పొందిన నిపుణులు అమెరికా, యూరప్ హ్యాచరీలకు తరలివెళ్లారు. ఆరితేరినవాళ్లు గంటకు వెయ్యి పిల్లల దాకా చూసి, నూటికి 98 సరిగ్గా చెప్పగలరు.

చెప్పినంత తేలిక కాదిది. కొన్ని పెట్టపిల్లల్లోనూ బుడిపె ఉబ్బెత్తుగా ఉంటుంది, కొన్ని పుంజుల్లో అణగి ఉంటుంది. ఆ మధ్యరకాల్ని విడదీయడానికే ఏళ్ల సాధన కావాలి. ఎలా చెప్పావని అడిగితే నిపుణులు సరిగ్గా వివరించలేరని, ఇది మాటలకందని విద్య అని చాలాకాలం అనుకున్నారు. 1987లో బీడర్‌మన్, షిఫ్రార్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు దీన్ని పరీక్షకు పెట్టారు. ఏమీ తెలియనివాళ్లకు, ఎక్కడ చూడాలో, ఉబ్బెత్తుకూ చదునుకూ తేడా ఏమిటో ఒక కాగితం మీద రాసిచ్చి ఫొటోలు చూపిస్తే, వాళ్లు దాదాపు నిపుణులకు దీటుగా చెప్పారు. దేన్ని చూడాలో స్పష్టంగా చెబితే విద్య సగం వచ్చేసినట్టే. అలాగని ఇంట్లో ప్రయత్నించే పని మాత్రం కాదు. అలవాటు లేని వేళ్లు నొక్కితే ఒకరోజు పిల్ల పేగు చితికిపోతుంది.

రెక్క కొసన రెండు వరుసలు

హ్యాచరీల్లో ఇప్పుడు విస్తృతంగా వాడే మరో పద్ధతికి పిల్ల రెక్క విప్పడం చాలు. గుడ్డులోంచి వచ్చిన రోజు పిల్లను అరచేతిలో పెట్టుకొని, బొటనవేలితో రెక్కను విసనకర్రలా మెల్లగా విప్పితే కొసన రెండు వరుసల మొలకలు కనిపిస్తాయి. కింది వరుసవి పెద్ద ఈకలు, రేపు ఎగరడానికి పనికొచ్చేవి. పై వరుసవి వాటి మొదళ్లను కప్పే ఈకలు. పెట్టపిల్లలో కింది వరుస ఈకలు పొడుగ్గా, పై వరుసవి పొట్టిగా ఉంటాయి. కాబట్టి ఒకటి పొడుగు, ఒకటి పొట్టి, మళ్లీ పొడుగు, మళ్లీ పొట్టి అన్నట్టు కనిపిస్తుంది. పుంజుపిల్లలో రెండు వరుసలూ ఒకే పొడవున, కత్తిరించినట్టు ఉంటాయి. కొన్నిసార్లు పై వరుసే కాస్త ముందుకు వస్తుంది. రెండు మూడు రోజులు దాటితే పుంజుల ఈకలు కూడా పెరిగి తేడా చెదిరిపోతుంది.

ఎందుకిలా? ఈకలు త్వరగా మొలవాలా, ఆలస్యంగా మొలవాలా అన్నది జెడ్ క్రోమోజోము మీది ఒక జన్యువు చెబుతుంది. ఆలస్యం చేసే రూపానిది పైచేయి. త్వరగా మొలిపించే రూపంతో కలిసి ఉన్నా ఆలస్యమే గెలుస్తుంది. హ్యాచరీ వాళ్లు తండ్రి రెండు జెడ్‌ల మీదా ‘త్వరగా’ ఉండేలా, తల్లి ఒక్క జెడ్ మీద ‘ఆలస్యం’ ఉండేలా జత కడతారు. కూతుళ్లకు వచ్చేది తండ్రి జెడ్ ఒక్కటే. కాబట్టి కూతుళ్లందరికీ ఈకలు త్వరగా మొలుస్తాయి. కొడుకులకు తండ్రి నుంచి ‘త్వరగా’, తల్లి నుంచి ‘ఆలస్యం’ రెండూ వస్తాయి, పైచేయి ఆలస్యానిది కాబట్టి కొడుకులందరూ వెనకబడతారు.

దీన్నిబట్టి రెక్కలో కనిపించే తేడా సహజంగా పుంజుకూ పెట్టకూ ఉన్న తేడా కాదని తేలుతోంది. అది తల్లిదండ్రుల్ని ఏరి జతకట్టి తెచ్చిన గుర్తు. జత తిరగేస్తే గుర్తు పోతుంది. తండ్రి రెండు జెడ్‌ల మీదా ‘ఆలస్యం’ ఉంటే పిల్లలన్నిటికీ ఆలస్యమే. ఇంటర్నెట్‌లో వీడియో చూసి నాటుకోడి పిల్లల రెక్కలు విప్పి తీర్పులు చెప్పేవాళ్లు తప్పుతున్నది ఇక్కడే.

—————————————
ఈ గుర్తు ఒక్క తరానికే

హ్యాచరీ నుంచి రెక్క చూసి వేరు చేసిన పుంజునూ పెట్టనూ తెచ్చి మీరే పొదిగించారనుకుందాం. ఆ పుంజుకు ఒక జెడ్ మీద ‘త్వరగా’, మరోదాని మీద ‘ఆలస్యం’ ఉన్నాయి. పెట్టకు ‘త్వరగా’ ఉంది. వాటి కొడుకుల్లో సగం మందికి ఈకలు త్వరగా, సగం మందికి ఆలస్యంగా మొలుస్తాయి. కూతుళ్లలోనూ అంతే. రెక్క విప్పినా ఇక ఏమీ తెలియదు. అందుకే హ్యాచరీలు తల్లి వంశాన్నీ తండ్రి వంశాన్నీ తాతల తరం నుంచే విడివిడిగా కాపాడుకుంటాయి.

నాటుకోళ్ల మందలో ఈ రెండు రూపాలూ కలగలిసి ఉంటాయి. అక్కడ కాస్త ఆగి చూడడమే మార్గం. ఆరు నుంచి ఎనిమిది వారాలకు పుంజుపిల్లల జుట్టు ఎర్రబడి పెద్దదవుతుంది. అయితే అసిల్ వంటి జాతికోళ్లకు పుట్టుకతోనే చిన్న జుట్టు కాబట్టి ఆ గుర్తు నమ్మదగింది కాదు. పది పన్నెండు వారాలకు నడుము దగ్గర, తోక మొదట్లో వచ్చే కొత్త ఈకల్ని చూడాలి. కొసలు సూదిగా, పొడుగ్గా, మెరుస్తూ వస్తే పుంజు. గుండ్రంగా, మెరుపు లేకుండా వస్తే పెట్ట.
—————————————

ఈ ఆలస్యం చేసే జన్యువును దగ్గరగా చూసినవాళ్లకు ఇంకో విచిత్రం కనబడింది. జెడ్ క్రోమోజోములో సుమారు లక్షా 76 వేల అక్షరాల పొడవున్న ఒక భాగం అచ్చుతప్పులా రెండుసార్లు రాసి ఉంది. ప్రొలాక్టిన్ అనే హార్మోన్‌ను అందుకునే గ్రాహకం తాలూకు జన్యువు ఆ భాగంలోనే ఉంది. పాలిచ్చే జంతువుల్లో పాలకు, కోళ్లలో పొదుగుడుకు సంబంధించిన హార్మోన్ అది, ఈకల పెరుగుదలలోనూ దానికి చేయి ఉంది. పైగా ఆ చోటే ఎప్పుడో పూర్వపు కోళ్లకు సోకి, వాటి క్రోమోజోములోకే చొరబడి, తరతరాలుగా అక్కడే ఉండిపోయిన ఒక వైరస్ ముక్క కూడా ఉంది. దాన్ని మోస్తున్న కోళ్లలో కొన్నిచోట్ల ల్యూకోసిస్ అనే కణితి జబ్బు వైరస్‌కు ఎదురు నిలిచే శక్తి తగ్గుతుందని 1980ల్లో పరిశోధకులు గమనించారు. పిల్లల్ని సులువుగా వేరు చేసే సౌకర్యానికి ఇది చెల్లించాల్సిన ధర. ఆ వంశాల్ని పెంచేవాళ్లు ల్యూకోసిస్ మీద ప్రత్యేకంగా కన్నేసి ఉంచుతారు.

నూగు రంగే చెప్పేస్తే

రెక్క కూడా విప్పనక్కర్లేకుండా రంగుతోనే తేల్చే ఉపాయం మొదటి ప్రపంచ యుద్ధం నాటిది. బ్రిటన్‌లో తిండిగింజలకు కటకట వచ్చినప్పుడు, గుడ్డు పెట్టని పుంజుపిల్లల్ని నెలల తరబడి మేపడం ఎందుకని కేంబ్రిడ్జ్ శాస్త్రవేత్త రెజినాల్డ్ పన్నెట్ ఆలోచించారు. బంగారు, వెండి రంగుల్ని నిర్ణయించే జన్యువు జెడ్ మీద ఉందని అప్పటికే తెలుసు. వెండిది పైచేయి. బంగారు రంగు తండ్రికి వెండి రంగు తల్లిని కడితే, తల్లి వెండి కొడుకులకే వెళ్తుంది. కాబట్టి కొడుకులు లేత పసుపు నూగుతోనూ, కూతుళ్లు గోధుమ రంగు నూగుతోనూ పుడతారు. దూరం నుంచే లెక్కపెట్టుకోవచ్చు. రోడ్ ఐలాండ్ రెడ్ పుంజును వెండి వంశపు పెట్టతో కట్టి పుట్టించే, గోధుమ రంగు గుడ్లు పెట్టే కోళ్లలో నేటికీ ఇదే సూత్రం. ఆ జన్యువు మనుషుల్లో చర్మం, జుట్టు రంగుల్లోనూ పాత్ర ఉన్నదే.

ఇంకో గుర్తు చారలది. బార్డ్ ప్లిమత్ రాక్ అనే జాతి ఈకల మీద నలుపు, తెలుపు చారలు అడ్డంగా ఒకదాని కింద ఒకటి వరుసగా ఉంటాయి. ఇది అర్థం కావాలంటే ఈక ఎలా పుడుతుందో చూడాలి. చర్మంలోని ప్రతి ఈక కుదురూ ఒక మగ్గం. బట్ట మొదటి అంచు ముందు నేసి బయటికి వచ్చినట్టు, ఈక కొస ముందు తయారై బయటికి నెట్టుకొస్తుంది, మొదలు చివర్న వస్తుంది. ఏ రోజు ఏ రంగు నూలు అందితే ఆ రోజు నేత ఆ రంగులో ఉంటుంది. నేసి బయటికొచ్చిన భాగాన్ని మళ్లీ మార్చలేం. చారల జన్యువు ఉన్న కోడిలో రంగు కణాలు కొంతకాలం పనిచేసి అలసిపోతాయి, అప్పుడు తెల్ల చార పడుతుంది. కొత్త కణాలు పనిలోకి దిగితే మళ్లీ నల్ల చార.

ఈ చారల జన్యువు కూడా జెడ్ మీదే ఉంది. ఇది ఎన్ని ప్రతులుంటే అంత రంగు తగ్గిస్తుంది. పుంజుకు రెండు ప్రతులు, పెట్టకు ఒకటే కాబట్టి పుంజు ఎప్పుడూ లేతగా కనిపిస్తుంది. పుట్టిన రోజే నల్ల నూగు మీద తల నెత్తిన తెల్ల మచ్చ పడుతుంది. పుంజుపిల్లలో అది పెద్దదిగా, అంచులు చెదిరి ఉంటుంది. పెట్టపిల్లలో చిన్నగా, ఒకచోట కుదురుగా ఉంటుంది. పన్నెట్, మైఖేల్ పీజ్ కలిసి ఈ చారల్ని బంగారు రంగు క్యాంపైన్ జాతిలోకి తెచ్చి 1930 ప్రాంతంలో ‘క్యాంబార్’ అనే కొత్త జాతిని నిలబెట్టారు. దీని గొప్పతనం ఏమిటంటే తల్లిదండ్రుల్ని వేర్వేరు జాతుల నుంచి తేనక్కర్లేదు. తేడా ప్రతుల సంఖ్యలో ఉంది కాబట్టి ఎన్ని తరాలు గడిచినా పిల్లల్ని చూడగానే చెప్పవచ్చు. చిన్న రైతుకు హ్యాచరీ మీద ఆధారపడే అవసరం తీర్చిన పద్ధతిగా దీనికి దక్కాల్సినంత పేరు దక్కలేదని నా అభిప్రాయం.

పెట్టను పెట్టలా చేసేది

ఇప్పటిదాకా చెప్పింది పిల్లల సంగతి. పెరిగిన కోడిలో లెక్క మారుతుంది. మెడ చుట్టూ మెరిసే సూది ఈకలు, తోకలో కొడవళ్లలా వంగిన ఈకలు చూసి ‘ఇవి మగతనం తెచ్చిన సొగసు’ అనుకుంటాం. 20వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో జరిగిన శస్త్రచికిత్సలు దీన్ని తలకిందులు చేశాయి. పుంజుకు వృషణాలు తీసేస్తే జుట్టు ముడుచుకుపోయింది, కూత తగ్గింది, కానీ ఈకలు పుంజు ఈకల్లాగే వచ్చాయి. పెట్టకు అండాశయం తీసేస్తే తర్వాత మొలిచిన ఈకలు పుంజు ఈకలే అయ్యాయి! అంటే ఏ హార్మోనూ అందకపోతే కోడి చర్మం మామూలుగా నేసేది పుంజు ఈకనే. అండాశయం నుంచి ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్ వచ్చి కుదుళ్లకు చెబితేనే గుండ్రటి, మెరుపు లేని పెట్ట ఈక తయారవుతుంది.

పెట్ట కూసిందంటే అరిష్టమని మన ఊళ్లలో దాన్ని ఆ రోజే కోసేస్తారు. పాపం, దాని తప్పేమీ లేదు. పెట్టకు రెండు బీజాంగాలున్నా ఎడమ అండాశయమే ఎదుగుతుంది, కుడిది చిన్న మొలకగా ఉండిపోతుంది. వయసుతోనో కణితితోనో ఎడమది పాడైతే ఈస్ట్రోజెన్ పడిపోతుంది. నిద్రాణంగా ఉన్న కుడి మొలక కొన్నిసార్లు వృషణంలా ఎదిగి మగ హార్మోన్ స్రవిస్తుంది. జుట్టు ఎర్రబడుతుంది, కూత వస్తుంది, తర్వాత ఈకలు రాల్చినప్పుడు కొత్తవి పుంజు ఈకలై మొలుస్తాయి. పాత ఈకలు నేసి బయటికొచ్చినవి కాబట్టి అవి మారవు. అందుకే ఈ మార్పు రాత్రికి రాత్రి కాక నెలలు పట్టి, మధ్యలో అటూ ఇటూ కాని ఈకలతో కోడి విచిత్రంగా కనిపిస్తుంది. దాని కణాల్లో క్రోమోజోములు మాత్రం పెట్టవే. ఎడిన్‌బరోలో ఎఫ్.ఎ.ఇ. క్రూ అంతకుముందు గుడ్లు పెట్టి, ఆ తర్వాత పుంజులా మారి పిల్లలకు తండ్రి అయిన ఒక కోడి గురించి 1923లో నివేదించారు. 1474లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్ పట్టణంలో గుడ్డు పెట్టిన నేరానికి ఒక ‘పుంజు’ను విచారించి నిప్పుల్లో కాల్చేశారు. అది బహుశా పుంజు ఈకలేసుకున్న పెట్టే అయి ఉంటుంది.

దీనికి ఎదురు దిశలోని వింత మన గోదావరి, కృష్ణా జిల్లాల్లో అందరికీ తెలుసు. డేగ, కాకి, నెమలి, సేతువ, పర్ల, అబ్రాసు అంటూ ఈక రంగుల్ని వేర్వేరు పేర్లతో గుర్తుపట్టే ఆ ప్రాంతంలో ‘పెట్టమారు’ అనే పుంజుకు ప్రత్యేక స్థానం ఉంది. తోకలో కొడవలి ఈకలుండవు, మెడ మీదా నడుము మీదా సూది ఈకలుండవు. చూడగానే పెట్ట అనుకుంటాం. కానీ కూస్తుంది, పోట్లాడుతుంది, పిల్లలకు తండ్రవుతుంది. ఇలాంటి ఈకలు పుంజులన్నిటికీ ఉండే జాతి ఇంగ్లండ్‌లోని సీబ్రైట్. 19వ శతాబ్దం తొలినాళ్లలో సర్ జాన్ సీబ్రైట్ తయారుచేసిన ఈ చిన్న కోళ్లను, ఈగల మీద పరిశోధనతో ప్రపంచప్రసిద్ధుడైన టి.హెచ్. మోర్గాన్ తన ప్రయోగాలకు తీసుకున్నారు. సీబ్రైట్ పుంజుకు వృషణాలు తీసేస్తే, తర్వాత మొలిచిన ఈకలు అచ్చమైన పుంజు ఈకలయ్యాయి. మగ హార్మోన్ తీసేస్తే మగ ఈకలు రావడమేమిటని 1919 నాటి శాస్త్రలోకం తల గోక్కుంది.

జవాబు చర్మంలో దొరికింది. మగ హార్మోన్ టెస్టోస్టిరాన్‌ను ఆడ హార్మోన్ ఈస్ట్రోజెన్‌గా మార్చే అరోమటేజ్ అనే ఎంజైమ్ మామూలుగా అండాశయంలో పనిచేస్తుంది. సీబ్రైట్‌లో ఆ ఎంజైమ్ చర్మంలోనూ తయారవుతుంది. ఒక పాత వైరస్ ముక్క ఆ జన్యువు పక్కన వచ్చి కూర్చోవడంతో, ఆగి ఉండాల్సిన చోట కూడా జన్యువు పనిచేయడం మొదలెట్టింది. పుంజు వృషణాలు పంపిన మగ హార్మోన్ కుదురు దగ్గరికి చేరేసరికి ఈస్ట్రోజెన్ అయిపోతుంది, కుదురు పెట్ట ఈక నేస్తుంది. వృషణాలు తీసేస్తే మార్చడానికి ముడిసరుకే ఉండదు. మిగిలిన ఒంట్లో మగ హార్మోన్ మగ హార్మోన్‌గానే ఉంటుంది కాబట్టి కూతకూ పౌరుషానికీ లోటు రాదు.

హార్మోనే సర్వస్వం అనుకునేవాళ్లను 2010లో ఎడిన్‌బరో దగ్గరి రోస్లిన్ సంస్థ మరోసారి ఆలోచింపజేసింది. ఒంట్లో ఒక సగం పుంజులా తెల్లగా, పెద్ద లోలకతో, కాలికి ముల్లుతో, మరో సగం పెట్టలా గోధుమ రంగులో ఉన్న కోళ్లను మైఖేల్ క్లింటన్ బృందం పరీక్షించింది. రెండు వైపులా పారేది ఒకే రక్తం, ఒకే హార్మోన్లు. అయినా తేడా నిలిచింది. పుంజు వైపు కణాల్లో ఎక్కువ భాగం రెండు జెడ్‌లవి, పెట్ట వైపు కణాల్లో ఎక్కువ భాగం జెడ్, డబ్ల్యూలవి. పక్షుల్లో ప్రతి కణానికీ తానెవరో తెలుసన్నమాట. ఈక ఆకారంలో హార్మోన్ మాట చెల్లుతుంది, కండలోనూ లోలకలోనూ కణం తన సొంత స్వభావాన్ని కూడా నిలుపుకుంటుంది.

ఎండకు పనికొచ్చే వింత

ఆడ మగ తేడాతో సంబంధం లేని ఈక వింతలు కొన్ని మన ఎండలకు అక్కరకొచ్చేవి. ఈకలు ఒంటికి అంటుకోకుండా వెనక్కి మెలితిరిగి, ఎదురుగాలి తగిలినట్టు కనిపించే కోళ్లుంటాయి. ఈక కాడను గట్టిగా నిలిపే కెరాటిన్ ప్రోటీన్లలో ఒకదాని జన్యువు దెబ్బతిని కాడ నిటారుగా నిలవలేదు. ఒక ప్రతి ఉంటే మెలిక, రెండూ ఉంటే ఈకలు పెళుసై రాలిపోయి కోడి బోడిదవుతుంది. అందుకే మెలిక కోడిని మామూలు కోడితోనే కట్టాలి. అప్పుడు పిల్లల్లో సగం మెలికతో వస్తాయి, బోడివి రావు.

మెడ మీద ఈకలే లేని కోళ్లది ఇంకో కథ. వాటికి ఒంటి మీద మొత్తం ఈకలే తక్కువ. రెండు ప్రతులున్న కోడికి సుమారు 40 శాతం దాకా తగ్గుతాయి. ఈక కుదుళ్లను ఆపే ఒక సంకేతం వీటిలో ఎక్కువగా తయారవుతుంది. ఆ సంకేతం ఒళ్లంతా ఉన్నా మెడే ఎందుకు బోడిగా ఉంటుందో 2011లో రోస్లిన్ పరిశోధకులు తేల్చారు. విటమిన్ ఎ నుంచి పుట్టే రెటినోయిక్ ఆమ్లం మెడ చర్మంలో తయారవుతుంది, అది మెడను ఆ సంకేతానికి మరింత లొంగిపోయేలా చేస్తుంది. కోడికి చెమట గ్రంథులు లేవు. నోరు తెరిచి రొప్పడం, ఈకలు లేని చోటి నుంచి వేడి వదలడం తప్ప దారి లేదు. బోడి మెడా మెలి ఈకలూ వేడిని బయటికి పోనిస్తాయి. ఈ గుణం ఆధారంగానే ఉత్తరప్రదేశ్‌లోని ఇజ్జత్‌నగర్‌లో ఉన్న కేంద్ర పక్షి పరిశోధన సంస్థ బోడిమెడ సంకరంతో ‘హిట్‌కారి’, మెలి ఈకల సంకరంతో ‘ఉప్‌కారి’ అనే పెరటి కోళ్లను తయారుచేసింది. మే నెలలో షెడ్డుల్లో బ్రాయిలర్లు వడదెబ్బకు రాలిపోవడం చూసే తెలుగు రైతుకు అందంగా లేదని ఈ కోళ్లను తోసిపుచ్చే స్తోమత లేదు.

పట్టులా మెత్తటి ఈకలున్న సిల్కీ కోడి మాత్రం వానకు పనికిరాదు. మామూలు ఈకలో సన్నటి పోగులు కొక్కేలతో ఒకదానికొకటి తగులుకొని నీళ్లు దిగని రేకులా అవుతాయి. సిల్కీలో ఆ కొక్కేలు సరిగా ఏర్పడవు, ఈక విడిపోయి బొచ్చులా ఉంటుంది, వానలో తడిసి ముద్దవుతుంది. పిల్లి వెంట్రుకల వంటి బొచ్చున్న నల్ల కోళ్లు చైనాలో ఉన్నాయని 13వ శతాబ్దంలో మార్కో పోలో చెప్పింది వీటి గురించేనని భావిస్తారు. వీటిలో పుంజూ పెట్టా తేల్చడానికి నెలలు పడుతుంది, ఎందుకంటే సూది ఈక, గుండ్రటి ఈక అనే తేడా బొచ్చులో కనిపించదు.

—————————————
జన్యువు కాని కారణాలు

ఈక వింతగా ఉందంటే అన్నివేళలా పుట్టుక లోపం కాదు. ఆ ఈక తయారవుతున్న రోజుల్లో ఏం జరిగిందో చూడాలి.

జబ్బుపడ్డ రోజునో మేత అందని రోజునో తయారైన భాగం ఈక మీద సన్నటి అడ్డగీతలా మిగులుతుంది, అక్కడ ఈక తేలిగ్గా విరుగుతుంది. ముదురు రంగు పక్షులకు మేతలో లైసిన్ అనే ఆమైనో ఆమ్లం బాగా తగ్గితే ఈకల్లో తెల్లటి పట్టీలు పడతాయి. జింక్ తక్కువైతే ఈక అంచులు చిరిగినట్టు వస్తాయి. పెట్టల వీపు, తల వెనక భాగం బోడిగా ఉంటే తరచుగా అది పుంజు తొక్కుడు. తోక మొదట్లో బోడిగా, నెత్తురు మరకలతో ఉంటే పక్క కోళ్లు పొడుస్తున్నాయని అర్థం, షెడ్డులో ఇరుకునూ మేతలో లోపాన్నీ చూడాలి. రెక్క కింద, మలద్వారం చుట్టూ ఈకల మొదళ్లలో పేలు, పురుగులు ఉన్నాయేమో వేళ్లతో విడదీసి చూడడం అన్నిటికన్నా ముందు చేయాల్సిన పని. గుడ్లు పెట్టి అలసిన కోడి ఈకలు రాల్చడం మాత్రం జబ్బు కాదు.
—————————————

గుడ్డులోనే తేలిస్తే

పుంజుపిల్లను మేపడం దండగ అన్న లెక్క చివరికి ఎక్కడికి దారితీసిందో చెప్పకుండా ఈ సంగతి ముగించలేను. రంగు నీళ్లలో మునిగి గంపకెక్కేవి కొద్దిపాటివే. ప్రపంచవ్యాప్తంగా ఏటా 600 కోట్లకు పైగా గుడ్ల జాతి పుంజుపిల్లల్ని పుట్టిన రోజే చంపేస్తున్నారని అంచనా. వేళ్లూ కళ్లూ ఇంత నైపుణ్యం సంపాదించింది ఈ పనికా అని బాధ కలుగుతుంది. జర్మనీ 2022 జనవరి నుంచి దీన్ని నిషేధించింది, ఫ్రాన్స్ కూడా ఆ దారి పట్టింది. దాంతో పిల్ల బయటికి రాకముందే గుడ్డులోనే తేల్చే పద్ధతుల మీద పడ్డారు.

ఒక పద్ధతిలో పొదిగిన తొమ్మిదో రోజున లేజర్‌తో పెంకుకు సన్నటి రంధ్రం చేసి, లోపలి ద్రవం ఒక చుక్క తీసి అందులో ఈస్ట్రోజెన్ సంబంధిత హార్మోన్ ఉందేమో చూస్తారు. ఉంటే పెట్ట. పుంజుల గుడ్లను పక్కకు తీసి పశువుల దాణాగా మారుస్తారు. మరో పద్ధతిలో పదమూడో రోజు ప్రాంతంలో గట్టి కాంతిని పెంకు గుండా పంపి, లోపలి పిండానికి మొలుస్తున్న ఈకల రంగును కెమెరాతో చదువుతారు. ఇక్కడ పనిచేసేది పన్నెట్ వాడిన బంగారు, వెండి జన్యువే. కొడుకులు లేతగా, కూతుళ్లు ముదురుగా కాంతిలో తేడా చూపిస్తారు. పెంకుకు రంధ్రం అక్కర్లేదు, ఖర్చూ తక్కువ. కానీ తండ్రి బంగారు, తల్లి వెండి అయిన గోధుమ గుడ్ల కోళ్లకే ఇది చెల్లుతుంది. మన దేశంలో ఎక్కువగా పెంచేది తెల్ల గుడ్లు పెట్టే లెగ్‌హార్న్ వంశపు కోళ్లను. వాటిలో కొడుకులూ కూతుళ్లూ అందరూ తెల్లనివాళ్లే కాబట్టి రంగు చదివే కెమెరాకు అక్కడ పనిలేదు. మన హ్యాచరీలు ఆ దారి పట్టాలంటే ద్రవం చుక్క తీసి హార్మోన్‌నో క్రోమోజోమ్‌నో చూసే ఖరీదైన పద్ధతుల వంటివి ఎంచుకోవాల్సి వస్తుంది. లేదంటే హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని పౌల్ట్రీ పరిశోధన డైరెక్టరేట్ తయారుచేసిన వనరాజాలా పెట్ట గుడ్డుకూ పుంజు మాంసానికీ పనికొచ్చే కోళ్లను పెంచాలి. అలాంటి కోళ్లలో పిల్లల్ని వేరు చేయాల్సిన అవసరమే పెద్దగా రాదు.